విరిగిన అంగుళం

మా ఆయన పోయాక వచ్చిన మొదటి వానాకాలంలో మా బావగారు నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నేను లెక్కపెట్టాను కూడా, నాకు వేరే పనేముంది కనక. అంకెలు మినహాయించి లెండి. ఆ అంకెల సంగతి తరవాత చెప్తాను.

మాది అద్దాల కొట్టు. కింద కొట్టు, పైన రెండు వాటాలు. ఒకదాంట్లో బావగారు, అక్క. అక్కంటే నా తోడికోడలు. రెండోదాంట్లో మేమిద్దరం ఉండేవాళ్ళం, ఆ తరవాత నేనొక్కదాన్నే. అన్నదమ్ములిద్దరూ పని పంచుకున్నారు. మా ఆయన ఇళ్ళ వెంట తిరిగి కిటికీలూ తలుపులూ కొలిచి వచ్చేవాడు, బావగారు కొట్లో బల్ల మీద అద్దం పరిచి కోసేవారు. బిగించడానికి పుట్టీ తాత ఉండేవాడు. చట్రంలో అద్దం నిలబెట్టి చుట్టూ పుట్టీ పెట్టి బొటనవేలితో నున్నగా దిద్దడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఎదుటివాళ్ళని ఏడిపించడంలో కూడా లేరు.

కొట్టు మొత్తానికి కొలబద్ద ఒక్కటే. మూడడుగుల కొయ్య బద్ద, చేతులు తగిలి తగిలి నల్లబడి, మొదట్లో అంకెలు చెరిగిపోయి ఉండేది. పొద్దున మా ఆయన చంకలో బయటికి వెళ్ళేది, సాయంత్రం తిరిగొచ్చి బల్ల మీద పడేది. అది బల్ల మీద పడిన చప్పుడు వినగానే బావగారు తల ఎత్తకుండానే అడిగేవారు, "ఏంటి సంగతులు?" అని.

ఇక చూడాలి. కిటికీ కొలవడానికి వెళ్ళినవాడికి ఇల్లంతా తెలుస్తుందట. పిల్లాడు బంతితో అద్దం పగలగొట్టి పిల్లి మీదకి తోశాడనీ, ఆ పిల్లి కూడా ఒప్పేసుకున్నట్టే కూర్చుందనీ, ఎవరింట్లోనో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకుండా ఇద్దరూ తనతోనే మాట్లాడారనీ, అరగంట చెప్పేవాడు. బావగారు అద్దం కోస్తూనే వినేవారు, ఎక్కడో ఒకచోట గొంతులోనే నవ్వేవారు. ఆ తరవాత మా ఆయన పైకొచ్చి అదే కథ నాకు ఇంకాస్త ఉప్పూ కారం వేసి చెప్పేవాడు. కింద ఒకలా చెప్పావు పైన ఇంకోలా చెప్తున్నావేంటని నేను పట్టుకునేదాన్ని. పదకొండేళ్ళు మా సాయంత్రాలు ఇలాగే గడిచాయి. నాకు అసలే నోరెక్కువ. అలాంటిదానికి అలాంటి మొగుడు దొరికాడు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున్న ఛాతీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అంతే, మళ్ళీ లేవలేదు.

నెల్లాళ్ళు కొట్టు మూసి మళ్ళీ తెరిచారు. ఫొటోలకి అద్దాలు వేయించుకునేవాళ్ళు, పగిలిన అలమర తలుపులు తెచ్చేవాళ్ళు, ఇలా కొట్టుకొచ్చే పని మటుకే ఉండేది. బయటికి వెళ్ళి కొలిచేవాళ్ళు లేరు. బావగారు ఆ బద్దతోనే కొలిచి, ఆ బద్దతోనే కోసి ఇచ్చేవారు. కొట్టు మూసేటప్పుడు కూడా ఆయన అరచెయ్యి బద్ద మీదే ఉండేది. ఎవర్నీ ఏంటి సంగతులని అడగలేదు. అక్కతోనే అవసరానికి మించి మాట్లాడేవారు కాదు, ఇక నాతో ఏం మాట్లాడతారు. నన్ను చూస్తే ఆయనకి తమ్ముడు గుర్తొస్తాడు. ఆయన్ని చూస్తే నాకు మా ఆయన గుర్తొస్తాడు, అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మెడ. అందుకని ఒకరికొకరం ఎదురుపడకుండా మెట్లెక్కడం దిగడం నేర్చుకున్నాం.

మా అన్నయ్య వచ్చి చూసి వెళ్ళాడు. వానలు తగ్గాక వచ్చి తీసుకెళ్తానన్నాడు. మా అన్నయ్య మంచివాడే, వదినా మంచిదే. నా భయమంతా అదే. హాల్లో కిటికీ పక్కన మంచం వేస్తారు, మొదటి కప్పు కాఫీ నాకే ఇస్తారు, నేను గిన్నె కడగబోతే లాక్కుంటారు. బతికినన్నాళ్ళు చుట్టంలా ఉండాలి. ఆ మంచం తలుచుకుంటేనే నాకు ఊపిరి ఆడేది కాదు. కానీ ఇక్కడ ఉండి మటుకు ఏం చేస్తాను? పైన వాటాలో ఒక్కదాన్నే కూర్చుని గోడకి కబుర్లు చెప్పనా?

అలాంటప్పుడు లైబ్రరీ మేడమ్ వచ్చింది. చదువుకునే పెద్ద హాలుకి ఎనిమిది కిటికీలు, కిటికీకి ఎనిమిది గళ్ళు, మొత్తం అరవై నాలుగు అద్దాలు మార్చాలి. వానలు ముదరకముందే అయిపోవాలి, లేకపోతే పుస్తకాలు నాని పోతాయి అంది. పాత కొయ్య చట్రాలు ఉబ్బి, వంకర్లు పోయి, ఏ రెండు గళ్ళూ ఒకలా లేవు. ప్రతిదీ విడిగా కొలవాల్సిందే. బావగారు పుట్టీ తాత వైపు చూశారు. తాత తన కళ్ళద్దాలు తీసి చూపించి, వీటితో మీ మొహమే రెండుగా కనిపిస్తోంది, ఇక అంగుళాలేం చూస్తానన్నాడు.

నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. నేను వెళ్తానన్నాను.

బావగారు కాసేపు కటర్ మూత తిప్పుతూ కూర్చుని అక్కతో అన్నారు, ఈ వానాకాలం చూద్దామనమని. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. అక్క నా వైపు తిరిగి, "ఈ వానాకాలం చూద్దామంటున్నారు" అంది. నా చెవులు బాగానే పనిచేస్తాయని ఆవిడకి చెప్పలేదు. పని నిలబెట్టుకుంటే ఇక్కడే ఉంటాను, లేకపోతే వానలు తగ్గాక అన్నయ్య ఇంటి హాల్లో మంచం. అంత స్పష్టంగా నాకప్పుడే అర్థమైంది.

మర్నాడు పొద్దున్న కొట్లోకి దిగాను. బద్ద బల్ల మీద ఉంది, దాని మీద బావగారి చెయ్యి ఉంది. తీసుకుందామని చెయ్యి చాపాను. ఆయన నా వైపు చూడలేదు, కావాలని చేశారని కూడా అనను, కానీ బద్ద జానెడు దూరం ఆయన వైపుకి జరిగింది. నా చెయ్యి బల్ల మీద ఖాళీగా మిగిలింది. పసిబిడ్డని వేరేవాళ్ళకి ఇవ్వనట్టుగా ఉందది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అడిగితే ఇచ్చేవారేమో. అడగలేదు. సందు చివర ఇనపసామాన్ల కొట్లో స్టీలు టేపు కొనుక్కుని లైబ్రరీకి వెళ్ళిపోయాను.

నాలుగు రోజులు కొలిచాను. నిచ్చెన మీద నిలబడి ప్రతి గడినీ పైనా కిందా మధ్యలో మూడుసార్లు కొలిచి, అన్నిట్లోకీ తక్కువది రాసుకునేదాన్ని. మా ఆయన అలా చేస్తాడని నాకు తెలుసు, ఎన్నిసార్లు చెప్పాడో. అద్దం చట్రం కన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, చిన్నగా ఉండాలనీ, బిగుతుగా ఉంటే వేడికి పగులుతుందనీ కూడా చెప్పాడు. అసలు ఆయన నాకు చెప్పని సంగతంటూ లేదనే అనుకునేదాన్ని.

మొదటి రోజు సాయంత్రం కొట్లోకి వచ్చి కొలతల చీటీ బల్ల మీద పెట్టాను. పెట్టి నిలబడ్డాను. కడుపు నిండా కబుర్లున్నాయి. లైబ్రరీలో రోజూ ఒకే కుర్చీలో ఒకే పేజీ తెరిచి నిద్రపోయే పెద్దాయన ఉన్నాడు. నిచ్చెన కదలకుండా పట్టుకుంటానని వచ్చి నిచ్చెననే పట్టుకుని కునికిపాట్లు పడే అటెండరున్నాడు. కొత్త టేపు ఉంది, బొత్తాం నొక్కితే పాములా లోపలికి పోతుంది, దానికి రెండుసార్లు వేలు కోసుకుంది. ఒక్క మాట అడిగితే చాలు, అన్నీ చెప్పేదాన్ని.

బావగారు చీటీ తీసుకుని ఇనప ఊచకి గుచ్చారు. నేను పైకి వెళ్ళిపోయాను. నాలుగు సాయంత్రాలూ అంతే. నాలుగో రోజు నిలబడడం కూడా మానేశాను.

ఆ తరవాత వారం కింద నుంచి కటర్ చప్పుడు వినిపించింది. అద్దం మీద సన్నగా గీరిన చప్పుడు, ఆ వెంటనే టక్కుమని విరిగే చప్పుడు. నా కొలతలకి బావగారు అద్దాలు కోస్తున్నారన్నమాట. పైన నేను వంట చేసుకుంటూ ఒక్కో టక్కునీ లెక్కపెట్టేదాన్ని. ఆ ఇంట్లో నాకున్న సందడి అదొక్కటే.

బిగించే రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంది. తాతా నేనూ లైబ్రరీకి వెళ్ళాం. పాత అద్దాలన్నీ అప్పటికే తీసేశారు. ఎనిమిది కిటికీలూ బోసిగా ఉన్నాయి. తాత మొదటి అద్దం తీసి గడిలో నిలబెట్టాడు. అద్దం నిలబడలేదు, గడిలోంచి అవతలికి వెళ్ళిపోబోతే ఒడుపుగా పట్టుకున్నాడు. రెండోది పెట్టాడు. పక్కనా పైనా అంగుళం సందు, అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. మూడోదీ అంతే. తాత నోట్లో నుంచి ఒక్క ఎకసెక్కం రాలేదు, అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"అన్నీ ఒకటే తక్కువ తల్లీ" అన్నాడు మెల్లిగా. "అంగుళానికి అంగుళం."

మేడమ్ వచ్చి చూసి, కొలతలు తీసిందెవరని అడిగింది. అందరూ నా వైపు చూశారు. ఆడమనిషిని నిచ్చెనెక్కిస్తే ఇంతే అని అటెండరు అన్నాడు, ఆ నిచ్చెన పట్టుకుని నిద్రపోయినవాడే. నేను నోరు మెదపలేదు. నోరెక్కువ అన్న మనిషిని, నాకే ఆశ్చర్యమేసింది. వాళ్ళందరూ వెళ్ళాక టేపు తీసి గడి కొలిచాను. పద్నాలుగు. నేను చీటీలో రాసిచ్చిందీ పద్నాలుగే. అద్దం కొలిచాను. పదమూడు, ఒక నూలు తక్కువగా.

అంటే తప్పు నాది కాదు. ఆ సంగతి తెలియగానే గుండెల మీద బరువు దిగాలి కదా, దిగలేదు. తప్పు నాది కాకపోతే బావగారిది. ముప్ఫై ఏళ్ళు అద్దం కోసిన చెయ్యి అది. తమ్ముడు పోయాక ఆ చెయ్యి తప్పుతోందా? ఆ మాట ఆయనకి ఎవరు చెప్పాలి? నేను చెప్పాలా, నేను తప్పు కొలిచానని ఒప్పుకుని అన్నయ్యతో వెళ్ళిపోవాలా? దారంతా ఇదే ఆలోచన. చినుకులు మొదలయ్యాయి. తాత అద్దానికి తన కండువా చుట్టి మోసుకొస్తున్నాడు.

కొట్లో బావగారు ఒక్కరే ఉన్నారు. అద్దం బల్ల మీద పెట్టాను. తాతే చెప్పాడు, ఒక్క ముక్కలో. బావగారు బద్ద తీసి అద్దం మీద పెట్టి కొలిచారు. పద్నాలుగు, ఒక నూలు తక్కువ. నాకూ తాతకీ కనిపించేలా వేలు పెట్టి చూపించారు.

నేను టేపు లాగి అదే అద్దం మీద, బద్ద పక్కనే పరిచాను. పదమూడు.

ముగ్గురం వంగి చూశాం. టేపు మీద ఐదు ఎక్కడుందో బద్ద మీద ఆరు అక్కడుంది. టేపు మీద పది ఉన్నచోట బద్ద మీద పదకొండు. బద్దకి మొదటి అంగుళం లేదు. ఉండాల్సిన చోట కొయ్యని నున్నగా చిత్రిక పట్టి ఉంది, ఎవరో శ్రద్ధగా చేసినట్టు.

బావగారు స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు ఆ నున్నటి చివరని వేలితో నిమిరారు. ఇద్దరూ కొట్టు పెట్టిన కొత్తలో మా ఆయన నిచ్చెన మీంచి పడ్డాడట, మనిషికి ఏమీ కాలేదు, బద్ద చివర విరిగింది. పారేసి కొత్తది కొందామని బావగారన్నారట. మా ఆయన దాన్ని చిత్రిక పట్టి, కొలిచేదీ దీంతోనే, కోసేదీ దీంతోనే, ఇంక తేడా ఎక్కడొస్తుందన్నాడట. నిజమే, ముప్ఫై ఏళ్ళు ఎక్కడా రాలేదు. మా పుస్తకంలో ఊళ్ళోని కిటికీలన్నీ ఒక అంగుళం పెద్దవి, అయినా అద్దాలన్నీ సరిగ్గా కూర్చున్నాయి. కొలిచినవాడూ కోసినవాడూ ఒకే బద్ద పట్టుకున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ చెప్పే పని పడలేదు.

ఇదంతా ఆయన నాతో చెప్పారు. మధ్యలో అక్క లేదు.

"వాడు నీకు చెప్పలేదా అమ్మా?" అన్నారు.

"లేదు బావగారూ."

"నేనూ చెప్పలేదు."

ఆ తరవాత బయట వాన పెద్దదైంది. మా ఆయన ఊళ్ళో పిల్లుల గురించి కూడా చెప్పాడు, ఈ ఒక్కటి చెప్పలేదు. దాచి కాదు. అది చెప్పాల్సిన సంగతని ఆయనకే గుర్తులేదు. నేను కొత్త టేపు కొన్నానని బావగారితో అనలేదు, ఆయన అడగలేదు. ఎవరి బాధ వాళ్ళం నోరు కట్టేసుకుని మోశాం, అద్దాలు తగ్గాయి.

మర్నాడు బావగారు లైబ్రరీకి వచ్చారు. కొట్టు గడప దాటి ఆయన ఒకరి దగ్గరికి వెళ్ళడం అంతకుముందు నేను చూడలేదు. తడిసిన చెప్పులు గుమ్మం బయటే విడిచి, మేడమ్ ముందు నిలబడి, అటెండరు వింటూ ఉండగానే చెప్పారు. "కొలతలు సరిగ్గానే ఉన్నాయండీ. తప్పు కొట్లో జరిగింది. మళ్ళీ కోసిస్తాను." నాది కూడా ఉందని నేననబోతే చెయ్యి అడ్డం పెట్టారు. కిటికీలకి టార్పాలిన్లు కట్టి, పుస్తకాలు హాలు మధ్యకి జరిపించి, వారం గడువు అడిగారు.

కొత్త అద్దపు షీట్లు వచ్చాయి. టేపుతో కోయబోయారు గానీ, అది ముట్టుకోగానే ముడుచుకుపోతుంటే ఆయన చేతికి ఎక్కలేదు. ఒక షీటు పాడైంది. టేపు పక్కన పెట్టి, బద్ద తీసుకుని, "ప్రతిదానికీ ఒకటి కలిపి చెప్పు" అన్నారు. చీటీలు పట్టుకుని బల్లకి అవతల పక్క నిలబడ్డాను. మా ఆయన నిలబడే చోటు. అక్కడ గచ్చు కొద్దిగా అరిగి ఉందని అప్పుడే చూశాను.

"పదిహేను" అనేదాన్ని. "పదిహేను" అనేవారు. గీరేవారు, టక్కుమనేది. "ఇరవై ఒకటీ కాలు." "ఇరవై ఒకటీ కాలు." మూడు రోజులు ఇంతే. ఇంకో మాట లేదు. అంకెలు మినహాయించాలని మొదట్లో అన్నది వీటినే. మినహాయించడం అన్యాయమే అనిపిస్తుంది ఇప్పుడు. ఆ నెలల్లో నేనొక మాట అంటే తిరిగి మాట వినిపించింది ఆ మూడు రోజులే.

అద్దాలన్నీ కూర్చున్నాయి. తాత అరవై నాలుగోదానికి పుట్టీ దిద్ది, అటెండర్ని పిలిచి, నిచ్చెన దించాలి నిద్ర లేవమన్నాడు. బద్దతో తప్పుగా కోసిన పాతవి కొట్టు గోడకి ఆనించి పెట్టాం. అవి చాలా ఏళ్ళు ఫొటోలకి పనికొచ్చాయి.

ఇప్పుడు మా కొట్లో కొలతలకి వెళ్ళేవాళ్ళు ముగ్గురున్నారు. చీటీ మీద మొట్టమొదట దేనితో కొలిచారో రాయాలి, రాయకపోతే ఎంత మంచి కొలతైనా నేను ముట్టుకోను. పనిలోకి వచ్చినవాళ్ళు ఇదేం చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మనకి బాగా తెలిసిందేదో పక్కవాళ్ళకీ తెలిసే ఉంటుందని ఊరుకుంటాం చూడండి, కొంపలు ముంచేది అదేనని వాళ్ళకి చెప్తాను. వినేవాళ్ళు వింటారు.

ఆ ఏడు వానలు తగ్గాయి. చెప్పినట్టే మా అన్నయ్య వచ్చాడు. నన్ను ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. పైకెళ్ళి సంచీ సర్దుకున్నాను. మా ఆయన చొక్కా ఒకటి అడుగున పెట్టి, పైన నా చీరలు పెట్టి, జిప్పు లాగలేక కాసేపు కూర్చున్నాను. సంచీ పట్టుకుని కిందికి దిగేసరికి అన్నయ్య కొట్లో కాఫీ తాగుతున్నాడు. బావగారు గుడ్డతో బల్ల తుడుస్తున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు.

"బావగారూ, వెళ్ళొస్తాం" అన్నాడు అన్నయ్య.

బావగారు గుడ్డ పక్కన పెట్టారు. అన్నయ్యతోనే అన్నారు. "ఆసుపత్రి వాళ్ళు కబురు చేశారు. కొత్త వార్డుకి పదకొండు కిటికీలట. ఇవాళే కొలవాలి." అని, బద్ద తీసి రెండు చేతులతో నా వైపు చాపారు. టేపు నా సంచీలోనే ఉందని ఆయనకి తెలుసు.

అన్నయ్య నా మొహం చూశాడు. నేను సంచీ కింద పెట్టి బద్ద అందుకున్నాను. అన్నయ్య కాఫీ పూర్తిచేసి, పండక్కో పబ్బానికో రమ్మని చెప్పి, ఒక్కడే బస్సెక్కాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి బద్ద బల్ల మీద పెట్టాను. చీటీ పెట్టాను. ఇక పైకి వెళ్దామని మెట్ల వైపు తిరిగాను. పైన ఎవరూ లేరు, అక్కడికి వెళ్ళడానికి ఎప్పుడూ తొందరేం లేదు, అయినా అలవాటు.

వెనకనించి కటర్ చప్పుడు ఆగింది.

"ఏంటి సంగతులు?" అన్నారు బావగారు, తల ఎత్తకుండానే.

ఎన్ని దాచుకున్నానో, ఒక్కటీ గుర్తుకు రాలేదు. బల్ల దగ్గరికి తిరిగొచ్చి, ఆ గచ్చు అరిగిన చోట నిలబడ్డాను. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆయన తల ఎత్తలేదు.

"ఇవాళ బద్దతోనే కొలిచాను బావగారూ" అని మొదలుపెట్టాను.